నాలుగు వేళ్ళు ఎక్కువ

జూన్ 4

అమ్మాయ్,

పిల్ల బాగానే ఉంది. ముందు ఆ మాట రాసేస్తే నీ గుండె దడ తగ్గుతుందని రాశాను. ఇప్పుడు కూర్చుని మిగతాది చదువు.

నువ్వు పిల్లకి పంపిన బొమ్మల పుస్తకం అట్ట మీద నీ అడ్రసు ఉంది. మావాడు ఆ అట్ట చించి చెత్తబుట్టలో పడేశాడు. నేను తీసి దాచాను. వాడు ఈ వారం ఊళ్ళో లేడు. నీళ్ళ పంపులు అమ్మే ఉద్యోగమంటే నీకు తెలిసిందే, కాలికి బలపం కట్టుకుని తిరగడమే. వెళ్ళే ముందు ప్లీడరుతో ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. పిల్ల ఎవరి దగ్గర ఉండాలో తేల్చే ముందు కోర్టువాళ్ళు ఒక విచారణ ఆవిడని పంపుతారట. ఆవిడ మా ఇల్లు చూస్తుందట, నీ గదీ చూస్తుందట. "నాలుగు గదుల ఇల్లు, పిల్లని కనిపెట్టుకుని మా అమ్మ ఉంది. అవతల అద్దెకి తీసుకున్న అగ్గిపెట్టె. ఇంకేం తేల్చాలి?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. అగ్గిపెట్టెలో పెరిగినవాడే కదా వాడు! మీ మామయ్య సరుకు పడవ నడిపినన్నాళ్ళూ మా కాపురం పడవ వెనక గదిలోనే. మీ మామయ్య ఒళ్ళు విరుచుకుంటే ఒక చెయ్యి పొయ్యి మీద, ఒక చెయ్యి నా మొహం మీద. 'ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం' అని ఆయన దెప్పేవారు. ఇరకటం సంగతి నేను చూసుకుంటాను, మర్కటం సంగతి మీరు చూసుకోండి అనేదాన్ని. ఆ గదిలో ముగ్గురం సుఖంగానే బతికాం.

నీకు ఇల్లు సర్దడం రాదు. కోపం తెచ్చుకోకు, ఉన్నమాట. ఈ ఇంట్లో నువ్వున్న రోజుల్లో దువ్వెన కోసం రోజూ పొద్దున్న నాలుగు గదులూ తిరిగేదానివి. అందుకే చెబుతున్నాను. గది పొడవు, వెడల్పు, తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఎక్కడుంది, అన్నీ కొలిచి రాయి. ఆ విచారణ ఆవిడ వచ్చే లోపల గదిని దారిలో పెడదాం.

నేను రాస్తున్నట్టు ఎవరికీ చెప్పకు. ప్లీడరుకీ, ఆ విచారణ ఆవిడకీ కూడా. నా మీద ఒట్టు.

అత్తయ్య


జూన్ 11

అత్తయ్యగారికి,

ఒట్టు పెట్టారు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. కానీ మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను, నాలుగుసార్లూ ఒకటే అనుమానం. పది నెలలుగా ఉలుకూ పలుకూ లేని మనిషికి ఇవాళ నా గది మీద ఇంత అక్కర ఎందుకు పుట్టింది? ఇది మీరే రాశారా, మీ అబ్బాయి రాయించారా? నా గదిలో ఏ లోపాలున్నాయో నా చేతే రాయించుకుని ఆయన ప్లీడరు చేతిలో పెట్టడానికా?

ఇలా అడగడం తప్పని తెలుసు. అయినా అడిగేశాను. ఈ ఊళ్ళో ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజు "ఉద్యోగమో, ఇల్లో తేల్చుకో" అన్నారు మీ అబ్బాయి. గది దొరకగానే వచ్చి పిల్లని తీసుకెళ్తానన్నాను, ఊఁ అన్నారు. తీరా వస్తే తలుపు తియ్యలేదు. అప్పుడు మీరు లోపల ఉన్నారు అత్తయ్యా. మీ దగ్గు నాకు వినిపించింది.

ఇక గది. చూడండి, దాచడానికేం లేదు. మూడో అంతస్తు. పద్నాలుగు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు. ఒక మూల గట్టు, దాని మీద పొయ్యి, అడ్డంగా పరదా. స్నానాల గది వేరే ఉంది, అందులో ఒకరు నిలబడితే బకెట్టు బయటికి రావాలి. కిటికీ ఒక్కటే, అందులోంచి పక్క బిల్డింగు మెట్లు కనిపిస్తాయి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, తెరిచినప్పుడల్లా నా మంచాన్ని గుద్దుతుంది. ఇంటాయన గోడకి ఒక్క మేకు కూడా కొట్టనివ్వడు. కొడితే ఖాళీ చెయ్యాలట. అందుకని బీరువాలో పట్టని బట్టలు కుర్చీ మీద, గిన్నెలు నేల మీద, పుస్తకాలు మంచం కింద. ల్యాబులో రోజంతా పళ్ళ సెట్లు చేస్తాను, ఒక్కో పన్నూ వెంట్రుకవాసి తేడా రాకుండా అమరుస్తాను. ఇంటికొచ్చి చూస్తే నా గది ఊడిన పళ్ళ నోరులా ఉంటుంది.

ఆ విచారణ ఆవిడ జులై మూడో వారంలో వస్తానని రాసింది. ఈ గది చూసి కాదంటే నాకు పిల్ల దక్కదు. అందుకే, మీరు ఎందుకు రాసినా సరే, చెప్పండి. వింటాను.

ఒక్క మాట. పిల్లకి పక్క చేయించాలి. తను ఇప్పుడు ఎంత ఎత్తుందో నాకు తెలియదు. కన్నతల్లిని, అయినా మిమ్మల్ని అడగాల్సి వస్తోంది. కొలిచి రాయండి.

మీ కోడలు (ఆ మాట ఇంకా చెల్లుతుందనుకుంటాను)


జూన్ 18

అమ్మాయ్,

చెల్లుతుంది. చెల్లకపోతే నాకీ గొడవెందుకు?

నీ ఉత్తరం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. చీమలు బారులు తీరినట్టుంటాయి నీ అక్షరాలు. పెద్దగా రాయి. నా దగ్గు విన్నానన్నావు. అవును, ఉన్నాను. ఆ రోజు గడప దాటి రాలేకపోయాను. గది సంగతి చూద్దాం.

మొదటిది, నేల. నేల కనిపించిన గదే పెద్ద గది. నేల మీద ఒక్క గిన్నె కూడా ఉండకూడదు. మేకు కొట్టనివ్వకపోతే మేకుతో పనేంటి? పడవ ఇనుము, దానికి మేం మాత్రం మేకులు కొట్టామా? నేలకీ కప్పుకీ మధ్య బిగుతుగా సరిపోయే కర్రలు రెండు కోయించు. రెండు కొసలకీ పాత సైకిలు ట్యూబు ముక్కలు చుట్టి, కప్పుకీ నేలకీ మధ్య దట్టించి నిలబెట్టు. కదలమన్నా కదలవు. ఆ రెండింటికీ అడ్డ పలకలు కట్టుకో, బట్టలు, గిన్నెలు, పుస్తకాలు అన్నీ దాని మీదే. రోజూ వాడేవి నడుముకీ భుజానికీ మధ్య, బరువైనవి కింద, ఎప్పుడో వాడేవి పైన. ఇంటాయన ఖాళీ చేయమన్న రోజు కర్రలు లాగేస్తే గోడ మీద గీత కూడా ఉండదు.

రెండోది, మంచం తలుపు వెనక నుంచి తీసెయ్. తలుపు పూర్తిగా తెరుచుకోని ఇంట్లోకి ఏదీ సరిగ్గా రాదు. తలుపు వెనక వైపు పై అంచుకి తగిలించే కొక్కేలు దొరుకుతాయి, గొడుగు, సంచులు దానికి.

మూడోది, మధ్యలో వేలాడే ఒక్క దీపం నమ్ముకోకు. అది గదిని ఇంకా ఇరుకు చేస్తుంది. మూలకొకటి చిన్నది పెట్టు. కిటికీకి మాత్రం ఏమీ అడ్డం పెట్టకు. మెట్లు కనిపిస్తే ఏం, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కాలక్షేపం.

పిల్ల పక్క కిటికీ కిందే. పడవలో మేం పక్కలు ఒంటికి కొలిచి కోయించేవాళ్ళం. మనిషి పొడవు మీద నాలుగు వేళ్ళు ఎక్కువ, అంతే. అంతకు మించితే చోటు దండగ. కింద రెండు పెద్ద సొరుగులు పెట్టించు, ఒకటి పిల్లదే. అందులో ఏముందో నువ్వు చూడకూడదు. చిన్న గదిలో బతికేవాళ్ళకి ఎవరూ తెరవని సొరుగు ఒకటి ఉండాలి. మీ మామయ్యకీ ఒకటి ఉండేది, పాపం అందులో వేరుశనగ పొట్టు తప్ప ఏం ఉండేది కాదు.

పిల్లని తలుపు చెక్కకి ఆనించి నిలబెట్టి టేపు పెట్టి కొలిచాను. 113 సెంటీమీటర్లు. పిడుగు ఒక చోట నిలబడదు, అయినా కొలిచాను.

అత్తయ్య


జూన్ 26

అత్తయ్యా,

మీరు చెప్పిన కర్రలు నిలబెట్టాను. నిజంగానే కదల్లేదు. నేల కనిపించింది. సంతోషించాల్సింది, సంతోషించలేకపోతున్నాను.

నేను ఇల్లు వదిలి వచ్చే ముందు వారం పిడుగు ఎత్తు కొలిచాను. యూనిఫారం కుట్టించడానికి. 113. ఇప్పుడూ 113 అని రాశారు. పది నెలల్లో ఎదిగే పిల్ల గోరంత కూడా ఎదగలేదా? ఆ వయసు పిల్లలు ఏడాదికి ఎంత పెరుగుతారో మా ల్యాబు పై అంతస్తులో ఉండే పిల్లల డాక్టరుని అడిగాను. ఐదారు సెంటీమీటర్లు పెరగాలిట. ఎదగలేదంటే తిండి చాలకన్నా ఉండాలి, లోపల ఏదైనా జబ్బయినా ఉండాలి అన్నారు.

అత్తయ్యా, దానికి ఏం పెడుతున్నారు? తింటోందా? నా మీద బెంగ పెట్టుకుని మానేసిందా? నాలుగు గదుల ఇల్లు అని గొప్పలు పోతున్నారే మీ అబ్బాయి, ఆ ఇంట్లో దానికి పట్టెడన్నం పెట్టే తీరిక ఎవరికీ లేదా? రాత్రి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు.

మళ్ళీ కొలవండి. బరువు కూడా చూడండి. వెంటనే రాయండి.

మీ కోడలు


జులై 2

అమ్మాయ్,

నా చేతి అన్నం తిన్నవాళ్ళలో ఎవరూ ఆకలితో లేవలేదు. పడవ ఆగిన ప్రతి రేవులోనూ కూలీలు నా గిన్నె ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు. అలాంటి నన్ను, పిల్లకి అన్నం పెడుతున్నారా అని అడుగుతావా? నోరు ఎలా వచ్చిందే నీకు?

పిడుగు తింటుంది. నాకంటే ఎక్కువ తింటుంది. పరిగెడుతుంది, ఎగురుతుంది, అబద్ధాలాడుతుంది, పక్కింటి పిల్లాణ్ణి కొరికింది. ఇంత చేసే పిల్లకి జబ్బెక్కడిది? కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. మావాడు పద్నాలుగేళ్ళ దాకా పొట్టివాడే, ఆ తర్వాత తాటిచెట్టు. మళ్ళీ కొలవమంటావు, ఎందుకు? కొలత కొలతే. టేపు అబద్ధమాడుతుందా? గోరంతలు కొండంతలు చెయ్యకు.

నువ్వు అడగకపోయినా ఇంకో మాట. చిన్న గదిలో వాసన పెద్ద శత్రువు. పొయ్యి వెలిగించే ముందే కిటికీ తెరువు, వెలిగించాక కాదు. గిన్నె మీద మూత పెట్టి వండు. తిన్న వెంటనే కడుగు, గట్టు మీద తడి ఉంచకు. ఇంకొకటి, ఒక వస్తువు లోపలికి వస్తే ఒకటి బయటికి పోవాలి. చీర కొంటే చీర ఇచ్చెయ్. ఆ విచారణ ఆవిడ వచ్చినప్పుడు కూర్చోమనడానికి ఒక చోటు ఖాళీగా ఉండాలి. పీట చాలు, కానీ దాని మీద నీ బట్టలుండకూడదు.

కోపం వస్తే గది దాటి బయటికి పో. పడవలో అదే మా నియమం. ఇద్దరిలో ఎవరికి కోపం వస్తే వాళ్ళు పైకెక్కి నీళ్ళు చూసి రావాలి. చిన్న గదిలో అలిగి కూర్చోవడానికి మూల ఉండదు.

నాకు ఇప్పుడు కోపంగానే ఉంది. వీధిలోకి వెళ్తున్నాను.

అత్తయ్య


జులై 9

అత్తయ్యా,

వడ్రంగి పక్క తెచ్చి పెట్టాడు. మీరు చెప్పినట్టే, 113 మీద నాలుగు వేళ్ళు ఎక్కువ. కిటికీ గోడకీ, బట్టల బీరువాకీ మధ్య కరెక్టుగా సరిపోయింది. కింద రెండు సొరుగులు. ఒకటి ఖాళీగా ఉంచాను, తాళంచెవి దానిలోనే వేలాడదీశాను. మూడు మూలల్లో మూడు దీపాలు. పొద్దున్న లేచి చూసుకుంటే ఇది నా గదేనా అనిపిస్తోంది. నిన్న పక్క గదావిడ వచ్చి, "మా గదీ ఇంతేనా, ఇంకా చిన్నదా?" అని అడిగింది. రెండూ ఒకటే కొలత. ఇలా సర్దడం ఎవరు నేర్పారంది. మాట దాటేశాను.

ఇక మీకు చెప్పాల్సింది ఉంది. మీరు మళ్ళీ కొలవనన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎంత కోపం! ఏదీ దాచనివాళ్ళయితే కొలవడానికేం? అందుకే ఆ విచారణ ఆవిడకి ఫోను చేసి చెప్పాను, పిల్ల పది నెలలుగా ఎదగలేదు, ఆ ఇంట్లో తిండి సరిగ్గా అందడం లేదని నా భయం అని. మీకెలా తెలుసని అడిగింది. తెలుసు అన్నాను. మీ పేరు ఎత్తలేదు, ఒట్టు తప్పలేదు.

మీరు బాధపడతారని తెలుసు. కానీ నా పిల్ల ఎదగకపోతే నేను ఊరుకోలేను. ఆవిడ ఇరవయ్యో తారీఖున నా గదికి వస్తోంది.

మీ కోడలు


జులై 14

నా మీద చెప్పావు.

ఎవరి ఇంట్లో అన్నం తిని, ఎవరి ఉత్తరంలో సలహాలు తీసుకుని, ఎవరి మీద చెప్పావో తెలుస్తోందా? ఆవిడ మావాడికి ఫోను చేసింది. వాడు నా ఎదురుగా నిలబడి, "అమ్మా, పిల్లకి తిండి పెట్టడం లేదని రాసుకుంటున్నారు వాళ్ళు" అన్నాడు. వాడి మొహం ఎలా ఉందో చెప్పలేను. ఈ వయసులో ఆ మాట పడ్డాను.

పిడుగు వచ్చి నా ఒళ్ళో కూర్చుని, "నేను తింటున్నాగా నానమ్మా" అంది.

ఇక నాకు రాయకు.


జులై 22

అత్తయ్యగారికి,

రాయొద్దన్నారు. ఇదే ఆఖరు.

ఆవిడ వచ్చింది. తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపలికి రాగానే, "ఫొటోలో చూసినదాని కంటే పెద్దగా ఉందే" అంది. ఏ ఫొటో అంటే, ఈ గది అద్దెకిచ్చే ప్రకటనలోంచి మీ అబ్బాయి తీసి పంపిన ఫొటో అట. కర్రలు ఊపి చూసింది, కదల్లేదు. పొయ్యి గట్టు చూసింది. సొరుగు తెరవబోతే, అది పాపదండీ, నేను కూడా తెరవను అన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది, నవ్వింది కూడా. అత్తయ్యా, ఆ క్షణంలో మనసులో మీకు దణ్ణం పెట్టాను.

తర్వాత పిల్ల పక్క మీద కూర్చుని, సంచిలోంచి టేపు తీసి కొలిచింది. "ఇందులో పాప పడుకుంటే తలా, కాళ్ళూ రెండూ చెక్కకి తగులుతాయి కదమ్మా" అంది. అలా కాదండీ, పాప ఎత్తు 113, కొలిచే చేయించాను అన్నాను. అప్పుడు కాగితం తీసింది. ప్రతి మూడు నెలలకీ స్కూల్లో పిల్లల్ని కొలుస్తారట. జూన్లో పిడుగు ఎత్తు 118. బరువు ఉండాల్సినంత ఉంది. క్లాసులో అందరికంటే హుషారుగా ఉందని టీచరు రాసింది.

"పాప ఎదగలేదని నాకు ఫోను చేశారు. ఈ 113 మీకెవరు చెప్పారు?" అని అడిగింది.

ఏం చెప్పను? ఒట్టు. మీ ఉత్తరం అక్కడే, నా తలగడ కింద ఉంది. తీసి చూపిస్తే అయిపోయేది. తీయలేదు. తల దించుకున్నాను. ఆవిడ టేపు చుట్టి సంచిలో వేసుకుంది. వెళ్తూ వెళ్తూ, "గది బావుందమ్మా. కానీ పిల్ల కోసం అవతలి వాళ్ళ మీద లేనిది కల్పించి చెప్పే తల్లి అని రాయాల్సి వస్తే, గది ఎంత బావుంటే ఏం లాభం?" అంది.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. దీపాలు మూలల్లో పెట్టమని, సొరుగు పెట్టమని, అమ్మలా అన్నీ చెప్పి నమ్మించారు. ఆ ఒక్క అంకె మాత్రం అబద్ధం రాశారు. నేను పాత కొలత గుర్తుపెట్టుకుంటానని, గగ్గోలు పెడతానని, నా నోటితోనే నా గొయ్యి తవ్వుకుంటానని మీకు తెలుసు. మీ అబ్బాయికి ఇంత తెలివి లేదు. ఇది మీదే.

మీరు గెలిచారు. పిల్లకి రాత్రి నిద్రలో దుప్పటి తన్నేసే అలవాటుంది. లేచి కప్పండి.


జులై 31

అమ్మాయ్,

ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. వంకరగా ఉంటే ఓపిక పట్టు.

నీ ఉత్తరం భూతద్దంతో చదివాను. అబద్ధం రాశానన్న మాట దగ్గర ఆగిపోయాను. నేను అబద్ధం రాయలేదు. రాయలేదంటే మరి ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? పిడుగుని పిలిచి తలుపు చెక్కకి నిలబెట్టి, టేపు పెట్టి, ఈసారి నేను చదవలేదు. వేలు పెట్టి, ఇక్కడ ఎంతుందో నువ్వు చదువు అన్నాను. "నూటపంతొమ్మిదికి కొంచెం తక్కువ నానమ్మా" అంది. దానికి ముందున్న అంకె ఏంటే అన్నాను. "నూటపద్దెనిమిది." నూటపదమూడు కాదా? "మూడు కాదు నానమ్మా, ఎనిమిది. నీకు కనిపించట్లేదా?" అంది.

కనిపించట్లేదు. ఏడాది నుంచీ కనిపించట్లేదు. ఎదురుగా ఉన్న మనిషికి అంచులే ఉంటాయి, మొహం ఉండాల్సిన చోట మసక. అందుకే మావాడి మొహం ఎలా ఉందో చెప్పలేనని రాశాను, నిజంగానే చెప్పలేను. డాక్టరు చూశాడు, ఇది అద్దాలతో పోయేది కాదు, రోజురోజుకీ పెరిగేదే అన్నాడు. ఇంట్లో చెప్పలేదు. చెబితే వాడి కేసు పోతుంది. కేసు మొత్తం నా మీదే కదా నిలబడింది, 'కనిపెట్టుకుని మా అమ్మ ఉంది' అని. కేసు పోతే పిడుగు నా ఒళ్ళోంచి పోతుంది. ఆ ధైర్యం నాకు లేకపోయింది.

మరి నీకెందుకు రాశానంటావా? ఇవాళ కాకపోతే రేపు నా కళ్ళు పూర్తిగా పోతాయి. ఆ రోజుకి పిల్లకి ఒక గది సిద్ధంగా ఉండాలి. ఉండాలి, కానీ ఇవాళే కాదు, ఇంకో ఏడాది నా దగ్గర ఉండాలి. రెండూ కావాలనుకున్నాను. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదురుతుందా?

మే నెలలో పాలగిన్నె గట్టు మీద పెట్టాననుకుని అంచున పెట్టాను. పిడుగు చేతి మీద ఒలికింది, బొబ్బలెక్కింది. వాడు వచ్చి అడిగితే, "నేనే తోసేశాను నాన్నా" అంది. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. ఏడేళ్ళ పిల్ల నన్ను కాస్తోంది. నేను దాన్ని కాస్తున్నానని కోర్టులో రాసుకుంటున్నారు.

నాలుగు రోజుల కిందట పొద్దున్న వాడు స్నానానికి వెళ్ళగానే చెప్పులు తొడుక్కుని బయల్దేరాను. బస్సు నంబరు కనబడదు కదా, ఆగిన ప్రతి బస్సునీ అడిగాను. కండక్టరు విసుక్కున్నాడు, ఎక్కించుకున్నాడు. విచారణ ఆవిడ ఆఫీసులో కుర్చీ అనుకుని చెత్తబుట్ట మీద కూర్చోబోయాను. ఆవిడ చెయ్యి పట్టుకుంది. అంకె నేనే రాశానని, నా కోడలు ఒట్టుకి కట్టుబడి నా పేరు చెప్పలేదని, పాలగిన్నె సంగతి, డాక్టరు సంగతి, అన్నీ చెప్పాను. ఆవిడ వాడికి ఫోను చేసి పిలిపించింది. వాడి ముందు మళ్ళీ చెప్పమంది. చెప్పాను.

వాడు, "నువ్వు నాకు తల్లివా, దానికి తల్లివా?" అన్నాడు.

"పిల్లకి నానమ్మని" అన్నాను.

అప్పటి నుంచి వాడు నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడితే తింటాడు. నేను గెలవలేదమ్మాయ్. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకో.

అత్తయ్య


ఆగస్టు 21

అత్తయ్యా,

వెనక్కి తీసుకున్నాను. ఆ మాటొక్కటే కాదు, ఆ ఉత్తరం మొత్తం. మీ ఎదురుగా ఉంటే కాళ్ళు పట్టుకునేదాన్ని. కోపంలో నా కళ్ళకీ ఏమీ కనపడలేదు. మీరు చీమలంటే వేళాకోళం అనుకున్నాను. మళ్ళీ కొలవనంటే పౌరుషం అనుకున్నాను. ఈ ఉత్తరం ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండి, పేజీకి పది లైన్లు కూడా పట్టడం లేదు.

తీర్పు నిన్న వచ్చింది. పిల్ల నా దగ్గర. సెలవుల్లో మీ దగ్గర. జడ్జిగారు చదువుతుంటే మీ అబ్బాయి నేల చూస్తూ నిలబడ్డారు. బయటికి వచ్చాక నా దగ్గరికి వచ్చి, "దానికి చీకటంటే భయం, తెలుసుగా" అన్నారు. తెలుసన్నాను. అంతే, వెళ్ళిపోయారు.

అత్తయ్యా, మీరూ వచ్చెయ్యండి. ఊరికే అనడం లేదు, కొలిచే అంటున్నాను. బీరువా అమ్మేశాను, పిడుగు పక్క పొడుగు చేయించాను. నా మంచం తీసేసి పగలు మడిచే పరుపు తెచ్చుకుంటే, కర్రల పక్కన మీకు పక్క పడుతుంది. మధ్యలో పరదా. ముగ్గురం పడతాం. పడవలో పట్టలేదూ? ఆ ఇంట్లో మాట్లాడని మనిషితో, కళ్ళు కనపడకుండా ఎలా ఉంటారు? నెలాఖరు ఆదివారం పిల్లని తీసుకోవడానికి వస్తున్నాను. మీ పెట్టె కూడా సర్దుకుని ఉండండి.

మీ కోడలు


ఆగస్టు 25

అమ్మా,

ఇది నేను రాస్తున్నాను. నానమ్మ చెబుతోంది. చెప్పింది చెప్పినట్టు రాయమంది, సొంత తెలివి పెట్టొద్దంది.

అమ్మాయ్, ముగ్గురు పడతారని కొలిచానన్నావు. నువ్వు మంచి కొలతలే నేర్చుకున్నావు కానీ, ఒకటి మర్చిపోయావు. పడవలో నాకు కళ్ళున్నాయి. నీ గదిలో అన్నీ పైన వేలాడుతుంటాయి, అడుగడుగునా నా నెత్తి పగులుతుంది. ఈ ఇంటి గోడలు నా చేతికి తెలుసు. గుమ్మాలు నా కాళ్ళకి తెలుసు. ఎక్కడ మెట్టుందో, ఎక్కడ గట్టుందో తడుముకుంటూ తిరగగలను. ఇక్కడ గుడ్డిదాన్ని కాను, అక్కడ అవుతాను.

ఇంకొకటి. వాడు నాతో మాట్లాడటం లేదు, నిజమే. నేను కూడా వెళ్ళిపోతే వాడు ఎవరితో మాట్లాడటం మానేస్తాడు? కొడుకు కోపం కూడా ఎవరో ఒకరు భరించాలి. నేనే భరిస్తాను.

పిల్ల సామాను సర్దాను. ఒక పెట్టె, ఒక సంచి, అంతే. మిగతావి ఇక్కడే ఉంటాయి, సెలవుల్లో ఆడుకుంటుంది. చేతి మీద బొబ్బ మచ్చకి రోజూ కొబ్బరినూనె రాయి. పాలు తనే కాచుకుంటానంటుంది, కాచనివ్వకు. దాన్ని పెద్దదాన్ని చేసింది చాలు. ఇక పిల్లలా ఉండనివ్వు.

నానమ్మ చెప్పడం అయిపోయింది. ఇప్పుడు నాది.

అమ్మా, నేను వచ్చేశాక నీ ఉత్తరాలు నానమ్మకి ఎవరు చదువుతారు? నానమ్మని అడిగాను. "మీ నాన్న చదువుతాడు" అంది. నాన్న గుమ్మంలో కూర్చుని బూట్లు తుడుచుకుంటున్నాడు. నాన్నా, అమ్మ ఉత్తరాలు నువ్వు చదువుతావా అని అడిగాను. రెండో బూటు కూడా తుడిచేశాడు.

తర్వాత, "రాయమను" అన్నాడు.